డ్వైట్ ఫ్రై నవ్వు

నిన్న రాత్రి 1931 నాటి ‘డ్రాక్యులా’ చిత్రమును మరల చూచితిని. డ్రాక్యులా ప్రభువుగా బేలా లుగోసీ గాంభీర్యమును కొనియాడనివారు లేరు. కాని నా హృదయమును హరించినవాడు, ఆ ప్రభువునకు దాసుడై మతి చెడిన రెన్‌ఫీల్డు పాత్రధారి డ్వైట్ ఫ్రై. నావికులెల్ల నశించిన ఓడలో, మెట్ల క్రింద నిలిచి, కన్నులు విప్పార్చి పైకి చూచుచు, పెదవులు బిగించి ఆతడు నవ్విన ఆ నవ్వులో ఉన్మాదమును, దైన్యమును, తన్ను రక్షింపుమను మూగమొరయు పెనవైచుకొని యున్నవి. వికృతవేషమేమియు లేక, కేవలము కంఠముతోను కన్నులతోను భయమును, జాలిని ఏకకాలమున పుట్టించుట సామాన్యమా!

అదే యేట ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో గూనివాడైన ఫ్రిట్జ్‌గా నటించెను. బ్రాడ్వే నాటకరంగమున హాస్యపాత్రలకు పేరొందిన ఇంతటి నటుని హాలీవుడ్ పిచ్చివాండ్ర వేషములకే కట్టిపడవేయుట నాకు నేటికిని బాధాకరము. యుద్ధకాలమున విమాన కర్మాగారమున రాత్రివేళల పనిచేయుచు, ‘విల్సన్’ చిత్రమున మంచి వేషము లభించిన తరుణముననే, 1943 నవంబరులో, 44 ఏండ్ల ప్రాయమున గుండెపోటుతో మరణించెను. అభిమానులు మాత్ర మాతని మరువలేదు; 1971లో ఆలిస్ కూపర్ బృందము ఆతని పేరిట ఒక పాటనే కట్టినది.