బరానగర్‌లో బారెడు ఎముక

కలకత్తా వెళ్లొచ్చామంటే మనవాళ్లు అడిగే ప్రశ్నలు మూడే. "కాళీమాతని చూశారా? హౌరా బ్రిడ్జి ఎక్కారా? రసగుల్లాలు తిన్నారా?" మూడూ చేశాం. కానీ మేము అక్కడ గడిపిన నాలుగు రోజుల్లో పిల్లలు ఇప్పటికీ తలుచుకునేది వేరే చోటు. ఊరికి ఉత్తరాన, బరానగర్‌లో, బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు పక్కన చెట్లూ చెరువులూ ఉన్న ఒక పాత ఆవరణ. దాని పేరు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. పొట్టిగా ఐ.ఎస్.ఐ. కంగారు పడకండి, పొరుగు దేశం గూఢచారి సంస్థ కాదు. అమ్మ వాడే మిక్సీ మీద ఉండే ముద్ర కూడా కాదు!

"సెలవులకి ఇండియా వెళ్లి లెక్కల కాలేజీ చూడటమేమిటండీ?" అని మా ఆవిడ కూడా అడిగింది. దానికి కారణం మా అబ్బాయి. వాడికి పదహారేళ్లు. మన అసోసియేషన్ వేడుకల్లో ఎవరు మైకు పట్టుకున్నా "సున్నాని కనిపెట్టింది మనమే" అంటారు కదా, అది విని విని వాడొకసారి అడిగాడు. "ఓకే నాన్నా, జీరో మనదే. తర్వాత ఏం చేశాం?" ప్రశ్న న్యాయమైనదే. పైగా వాడు కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతానంటున్నాడు. తెలిసినవాళ్లంతా "కంప్యూటర్ సైన్సు తీసుకోరా, హాయిగా బతుకుతావు" అంటున్నారు. మాటలతో చెప్పేకంటే చూపిస్తే మేలనిపించి, 2023 డిసెంబరులో హైదరాబాదు నుంచి కలకత్తా విమానం ఎక్కాం.

దారి

పొద్దున్నే దక్షిణేశ్వరం వెళ్లి అమ్మవారి దర్శనం చేసుకున్నాం. 2021లో మెట్రోని దక్షిణేశ్వరం దాకా పొడిగించడంతో ఇప్పుడు ఈ ప్రయాణం చాలా సులువు. తిరుగు మెట్రోలో ఒక్క స్టేషను వస్తే బరానగర్. అక్కడి నుంచి ఆటో. లారీలు, బస్సులు, హారన్ల మోతతో హోరెత్తే రోడ్డు మీంచి గేటు లోపలికి అడుగు పెట్టగానే ఎవరో చెవుల్లోంచి దూది తీసేసినట్టు పక్షుల కూతలు వినిపించాయి. లోపలికి వెళ్లడానికి ముందే ఈమెయిలు రాసి అనుమతి తీసుకున్నాం. మీరూ అలాగే చేయండి. ఇది టిక్కెట్టు కొనుక్కుని చూసే పర్యాటక స్థలం కాదు, పని జరుగుతున్న చోటు.

అన్నం ఉడికిందా?

ఈ సంస్థను 1931లో స్థాపించినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. కేంబ్రిడ్జిలో చదువుకున్న భౌతికశాస్త్రం ప్రొఫెసరు. 1915లో ఇండియాకి తిరిగొస్తూ గణాంకశాస్త్రం పత్రిక ఒకదాని సంపుటాలు వెంట తెచ్చుకుని ఓడలోనే చదవడం మొదలుపెట్టారట. తర్వాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఒక గదిలో మొదలైన చిన్న ప్రయోగశాలే ఇంత పెద్ద సంస్థయింది. టాగోరుకి ఆయన చాలా సన్నిహితులు. ఆవరణలో ఆయన నివసించిన "ఆమ్రపాలి" అనే ఇల్లు ఇప్పుడు ఆయన జ్ఞాపకాల మ్యూజియం.

మహలనోబిస్ ఏం చేశారో మా పదేళ్ల అమ్మాయికి మా ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది. "అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెడన్నం తింటామా? ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం. అంతే!" నిజంగా అంతే. బెంగాల్లో జనపనార ఎంత పండుతుందో తెలుసుకోవాలంటే ప్రతి చేనూ కొలవక్కర్లేదు. కొన్ని చిన్న చిన్న మడులు ఎంచుకుని జాగ్రత్తగా కొలిస్తే చాలని 1930ల చివర్లో ఆయన బృందం చేసి చూపించింది. అయితే ఏ మెతుకు పట్టుకోవాలి? ఎన్ని పట్టుకోవాలి? గిన్నె అడుగున మాడిన మెతుకే చేతికొస్తే? శాస్త్రమంతా ఆ ప్రశ్నల్లోనే ఉంది. 1943 బెంగాల్ కరువు తర్వాత ఈ సంస్థ గణకులు ఊళ్లు తిరిగి, ఎవరు భూమి అమ్ముకున్నారు, ఎవరు కూలీలుగా మారారు అని లెక్క కట్టి 1946లో ప్రచురించారు. 1950లో మొదలైన జాతీయ శాంపిల్ సర్వే కూడా మహలనోబిస్ చలవే. దేశంలో పేదలెందరు, ఏం తింటున్నారు అన్న చర్చలన్నీ దశాబ్దాలుగా ఆ సర్వేల మీదే నడిచాయి.

ఆయన పేరుతోనే "మహలనోబిస్ దూరం" అని ఒక కొలత ఉంది. 1936 నాటిది. మనుషుల తల చుట్టుకొలత, ముక్కు పొడవు, ఎత్తు లాంటి కొలతలన్నీ కలిపి చూసి రెండు జనసమూహాలు ఎంత దగ్గర, ఎంత దూరం అని చెప్పడానికి పుట్టిన లెక్క. పొడుగు పెరిగితే బరువూ పెరగడం మామూలే కాబట్టి, ఒకే తేడాని రెండుసార్లు లెక్కించకుండా చూడటం అందులోని కిటుకు. 1941లో నేటి ఉత్తరప్రదేశ్‌లో మానవశాస్త్రవేత్త డి.ఎన్. మజుందార్ జనాన్ని కొలిస్తే, మహలనోబిస్, సి.ఆర్. రావు కలిసి ఆ కొలతలని విశ్లేషించారు. ఇప్పుడు బ్యాంకు ప్రాజెక్టుల్లో అనుమానాస్పదమైన క్రెడిట్ కార్డు లావాదేవీలని పట్టడానికి మాలాంటి వాళ్లం వాడే లెక్కల్లో ఇదీ ఒకటి. నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగానికి ఇక్కడ ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఇంగ్లండు నుంచి తెప్పించిన హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రం 1956లో ఈ ఆవరణలోనే పనిచేయడం మొదలుపెట్టింది. భారతదేశంలో మొట్టమొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. అంటే మన ఐటీ వాళ్లకి ఇది పుట్టిల్లు లాంటిదన్నమాట!

గోదావరి నుంచి వచ్చిన అతిథి

ఇక పిల్లలు ఎదురుచూసిన ఘట్టం. లెక్కల సంస్థలో డైనోసార్!

భూగర్భశాస్త్ర మ్యూజియంలో అడుగు పెట్టగానే మా అమ్మాయి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. పొడవాటి మెడ, పొడవాటి తోక, మధ్యలో స్తంభాల్లాంటి కాళ్లు. పేరు బరాపాసారస్ టాగోరై. బెంగాలీలో "బడా పా" అంటే పెద్ద కాలు. తవ్వకాలు ముమ్మరంగా సాగిన 1961 టాగోరు శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు జత చేశారు. తొడ ఎముక ఒక్కటే సుమారు 1.7 మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు బారెడు. మా అబ్బాయి రెండు చేతులూ చాపి దాని ముందు నిలబడ్డాడు. సరిగ్గా సరిపోయాడు.

ఇది ఎక్కడ దొరికిందో తెలుసా? తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దున ప్రాణహిత, గోదావరి పారే లోయలో, పోచంపల్లి అనే చిన్న ఊరి దగ్గర. చీరల పోచంపల్లి కాదు, ఇది వేరు. మహలనోబిస్ ఆహ్వానం మీద 1957లో లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్త వచ్చి ఇక్కడ భూగర్భశాస్త్ర విభాగానికి పునాది వేశారు. ఆ మరుసటి ఏడు నుంచే గోదావరి లోయలో ఎముకలు బయటపడసాగాయి. మొత్తం దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. వయసు సుమారు 18 కోట్ల సంవత్సరాలు. పుర్రె మాత్రం దొరకలేదు, కొన్ని పళ్లే మిగిలాయి. జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీ అనే నలుగురు శాస్త్రవేత్తలు 1975లో దీనికి నామకరణం చేశారు. తవ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి పేరు పెట్టేదాకా పదిహేనేళ్ల పైమాటే. ఒక్కో ఎముకనీ రాతిలోంచి విడిపించి, శుభ్రం చేసి, కొలిచి, ప్రపంచంలోని మిగతా డైనోసార్లతో పోల్చి చూడాలి మరి.

మాకు చూపించడానికి వచ్చిన పరిశోధక విద్యార్థినితో మేము తెలుగులో మాట్లాడుకోవడం విని ఆ అమ్మాయి మొహం విప్పారింది. "మీరు మనోళ్లా సార్?" అంది. తనది చెన్నూరు వైపు. మా అమ్మమ్మదీ అక్కడే అనేసరికి ఇక గైడు పని మానేసి చుట్టమైపోయింది. తను చేసేది శిలాజ దంతాల మీద పరిశోధన. సూదిమొన పట్టుకుని భూతద్దం కింద ఒక్క పంటి చుట్టూ మట్టి తీయడానికి రోజులు పడుతుందట.

"ఇంట్లో ఏమంటారమ్మా?" అని మా ఆవిడ అడిగింది.

"మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతది మేడం. 'ఇంకా ఆ రాళ్ల చదువేనా బిడ్డా, నౌకరీ ఎప్పుడు?' అని. నాతోటి చదివినోళ్లందరూ హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ చేస్తున్నరు. ఫెలోషిప్‌తోటి నాకు నెల గడుస్తది, అంతే." కాస్త ఆగి, ఆ తొడ ఎముక వంక చూసి, "కానీ సార్, చిన్నప్పుడు నేను ఆడుకున్న మట్టి ఇది. దీని కథ ఎవరో ఒకరు చెప్పాలె కదా" అంది.

మా అబ్బాయి తనని చాలా ప్రశ్నలు అడిగాడు. నేను కల్పించుకోలేదు.

మన రావుగారు

ఈ ఆవరణలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన మరో తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణరావుగారు. ప్రపంచానికి సి.ఆర్. రావు. 1920లో హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో ఎనిమిదో సంతానంగా పుట్టారు. అష్టమ సంతానం కాబట్టి కృష్ణుడి పేరు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదువు. తెల్లవారుజామున నాలుగింటికే తల్లి లక్ష్మీకాంతమ్మగారు లేపి దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల్లో ఎం.ఏ. చేశాక, యుద్ధకాలంలో సైన్యంలో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వచ్చారు. వయసు చాలదని ఉద్యోగం ఇవ్వలేదు. బస చేసిన దక్షిణాది హోటల్లో ఒకాయన పరిచయమై ఈ సంస్థ సంగతి చెప్పారు. అలా 1941 జనవరి 1న చేరారు. ఆ ఉద్యోగం వచ్చి ఉంటే ఏమయ్యేదో!

1944లో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుంటే దాండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. ఈ ఫలితం పెద్ద శాంపిళ్లకే కాకుండా చిన్నవాటికీ నిలుస్తుందా అని. రావుగారు ఆ రాత్రంతా కూర్చుని, మర్నాడు సమాధానంతో క్లాసుకి వెళ్లారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే నేడు క్రామర్-రావు హద్దు. మళ్లీ మెతుకుల భాషలో చెబితే, చేతిలో ఉన్న మెతుకుల్ని బట్టి ఎంత గొప్ప వంటవాడైనా ఇంతకంటే కచ్చితంగా చెప్పలేడు అని గీసిన గీత అది. ప్రశ్న అడిగిన దాండేకర్ తర్వాత పేదరికం మీద పరిశోధన చేసిన ప్రముఖ ఆర్థికవేత్త అయ్యారు.

1946లో రావుగారు కేంబ్రిడ్జి వెళ్లినప్పుడు అక్కడి మ్యూజియంలో చేసిన పని ఏమిటో తెలుసా? సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన ప్రాచీన మానవుల అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడం! లెక్కలు, చరిత్ర, మానవశాస్త్రం వేర్వేరు గదులని మనం అనుకుంటాం. వాటి మధ్య తలుపులు ఆయన ఎప్పుడూ మూయలేదు. పదవీ విరమణ తర్వాత అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్, పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో బోధించారు. 2023లో, అంటే 1945 నాటి పరిశోధనకి 78 ఏళ్ల తర్వాత, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనను వరించింది. అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నేను ఎం.ఎస్. చేసేటప్పుడు పాఠ్యపుస్తకంలో "రావు" అని చదివానే గానీ, ఆయన నందిగామలో చదువుకున్నారని ఎవరూ చెప్పలేదు. మన పిల్లలకి మనం చెప్పకపోతే వాళ్లకీ ఎవరూ చెప్పరు.

మీరు వెళితే

ఒక పూట కేటాయిస్తే చాలు. పదేళ్లు దాటిన పిల్లలకి బాగా నచ్చుతుంది. ఐ.ఎస్.ఐ.లోనే పిహెచ్.డి. చేసిన ఎస్.ఆర్.ఎస్. వరధన్ 2007లో గణితంలో అబెల్ బహుమతి అందుకున్నారని దారిలో చెప్పండి. 1963లో ఆయన థీసిస్‌ని పరీక్షించినవారిలో రష్యా గణిత దిగ్గజం కొల్మొగొరొవ్ ఒకరని కూడా చెప్పండి.

కలకత్తా దాకా వెళ్లలేకపోతే హైదరాబాదులోనే బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ ఉంది. అదీ ఆ గోదావరి లోయదే, 1988లో పేరు పెట్టారు. కాకినాడ వెళ్లేవాళ్లకి ఇంకో విశేషం. 1957 నుంచి 1961 దాకా ఐ.ఎస్.ఐ.లో పనిచేసి భారత పౌరసత్వం తీసుకున్న ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్, తన పార్థివ దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. 1964లో ఆయన పోయాక అలాగే చేశారు.

ఇక మా అబ్బాయి సంగతి. కాలేజీ దరఖాస్తుల్లో స్టాటిస్టిక్స్ అనే రాస్తున్నాడు. మా ఆవిడకి దిగులు పూర్తిగా పోలేదు, నాకూ పోలేదు. కానీ ఎవరైనా "ఆ చదువుతో ఏం చేస్తాడండీ?" అని అడిగితే చెప్పడానికి మా దగ్గర ఇప్పుడు కొన్ని పేర్లున్నాయి. చెన్నూరు అమ్మాయి పేరు కూడా ఏదో ఒక రోజు ఆ వరసలో చేరాలని మా ఇంట్లో అందరి కోరిక.