పాతబస్తీలో వద్దన్న వంటకాలు

హైదరాబాదు పాతబస్తీని చూడవచ్చే వారిలో అనేకులు చార్మినారు ముందు ఫొటో దిగి, లాడ్ బజారులో గాజులు కొనుక్కుని వెళ్ళిపోతారు. ఈ నగరం ఏమి తింటుందో తెలియాలంటే తెల్లవారుతుండగా మీర్ ఆలం మండీకి వెళ్ళాలి. నిజాముల దివాను మీర్ ఆలం పేరు మోసిన ఈ బజారులో ఆకుకూరల పేర్లు రెండు భాషలలో వినవస్తాయి. గోంగూర ఇక్కడ అంబాడా. చుక్కకూర చూకా, గంగవాయిలికూర కుల్ఫా. చింతచిగురుకు మాత్రం దక్కనీ ఉర్దూలో వేరే పేరు పుట్టలేదు. మన మాటనే తీసుకుని చిగుర్ అన్నారు. ఎండలు ముదిరే రోజుల్లో ఆ చిగురును మాంసంతో కలిపి వండిన కూర ఈ గల్లీలలోని ఇళ్ళలో పండుగ భోజనంతో సమానం.

అయితే ఉత్తరాది నుంచి వచ్చిన చుట్టం ఎవరైనా ఆ కూర మొదటి ముద్ద నోట పెట్టుకున్నప్పుడు వారి ముఖం చూడాలి. మాంసంలో పులుపేమిటని వారి ఆశ్చర్యం. పులుపు లేని మాంసం మాంసమేనా అని మనవారి ఆశ్చర్యం. వంకాయలో చింతపండు, పప్పులో చింతపండు, చేపలో చింతపండు పోసుకుని పెరిగిన నాలుకలు మనవి. ఇష్టాయిష్టాలను మనం వ్యక్తి గుణాలుగా లెక్కిస్తాము గాని, వాటిలో సగం పుట్టిన ఊరి నేలవే.

మండీకి కొద్ది దూరంలోనే పురానీ హవేలీ. నాల్గవ నిజాము పాలనలో, 1851లో, కార్యాలయంలో మున్షీగా ఉన్న ఒకాయన ఇక్కడ రొట్టెల భట్టీ పెట్టాడు. మున్షీ నాన్ అన్న పేరు అలా నిలిచింది. నాలుగు మూలల కుల్చా ఈ నగరపు గుర్తు. చలికాలపు ఉదయాలలో ఆ కుల్చాకు జతగా ఉండేది నహారీ. అరబీలో నహార్ అంటే పగలు. పొద్దు పొడుపుతోపాటు తినేది కనుక ఆ పేరు. మేక కాళ్ళను మంట మీద కాల్చి, వెంట్రుక మిగలకుండా గీకి, కడిగి, సుగంధద్రవ్యాలను గుడ్డలో మూటగట్టి వేసి, సన్నని సెగ మీద రాత్రంతా మరగనిస్తారు. కొందరు నాలుకను కూడా చేరుస్తారు. కాళ్ళలోని నరాలు, చర్మం, కీళ్ళ మెత్తని భాగం కరిగి షోర్బాలోకి దిగడం వల్ల అది చేతి వేళ్ళకు, పెదవులకు అంటుకుంటుంది. ఇష్టపడే వారు ఆ జిగటనే మెచ్చుకుంటారు. పిల్లలు వద్దనేదీ సరిగ్గా దానినే.

పాతబస్తీ వంటలలో పిల్లలు మొహం తిప్పుకునేవి ఇంకా ఉన్నాయి. పేగులు, పొట్ట ముక్కలతో వండే చాక్నా ఒకటి. అది ఘాటైన కూర. దాని వాసన గుమ్మంలోనే పలకరిస్తుంది. కలేజీ, భేజా, గుర్దా సంగతి వేరే చెప్పనక్కరలేదు. జంతువును జిబహ్ చేసిన తర్వాత తినదగినది ఏదీ పారవేయకూడదన్న పొదుపు, గౌరవం ఈ వంటలకు మూలం. ధనవంతుల ఇళ్ళలో నహారీ ఎంత ఘనమో, కూలివారి ఇళ్ళలో చాక్నా అంత అండ. కనుక వీటిని ఛీ అన్నవారిని చూసి పెద్దలకు కష్టం కలగడంలో అర్థం లేకపోలేదు. ఆ ఛీ వంట మీద మాత్రమే పడదు. వండిన చేతుల మీద, ఆ ఇంటి లేమి మీద కూడా పడుతుంది.

హుసేనీ ఆలంలో మా పెద్ద ఫూఫీ ఇల్లు. కొన్నేళ్ళ కిందట ఒక చలికాలంలో ప్రకాశం జిల్లా నుంచి మేమందరం అక్కడికి వెళ్ళాము. మా ఆపా కూతురికి అప్పటికి ఏడేళ్ళు. మా రాక కోసం ఫూఫీ ఇషా నమాజు తర్వాత పొయ్యి మీద పెట్టిన పాయా ఫజర్‌కు సిద్ధమయింది. దస్తర్‌ఖాన్ పరిచారు, కుల్చాలు వచ్చాయి. పిల్ల తన గిన్నెలోకి తొంగి చూసింది. అందులో కాలు కాలులాగానే ఉంది. పెదవులు బిగించి కూర్చుంది.

ఫూఫా పాతకాలపు మనిషి, కోపిష్ఠి కాడు. అయినా, "అల్లాహ్ ఇచ్చిన రిజ్క్‌ను చూసి మొహం చిట్లిస్తే నాషుక్రీ అవుతుంది, బేటీ," అన్నారు. అందరూ పిల్లను కాక తల్లిని చూశారు. పుట్టింటివారి ముందు తన పెంపకానికి మాట వస్తుందన్న భయం ఎంతటి సాధుస్వభావురాలినైనా కఠినురాలిని చేస్తుంది. మా ఆపా ఒక ముద్ద తీసి పిల్ల నోట్లో కుక్కింది. ఆ ముద్ద దిగలేదు. దానితోపాటు అంతకుముందు తాగిన పాలు కూడా దస్తర్‌ఖాన్ మీదకు వచ్చాయి.

ఎవరూ మాట్లాడలేదు. ఫూఫీ లేచి, పిల్ల మూతి కడిగి, గుడ్డతో తుడిచి, లోపలికి తీసుకుపోయి, చాయ్‌లో ముంచిన కుల్చా ముక్కలు పెట్టింది. మా ఆపా వంటగదిలో గోడవైపు తిరిగి ఏడ్చింది. కథ అక్కడితో ముగిసి ఉంటే ఇక్కడ చెప్పవలసిన పని లేదు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆ పిల్ల బంధువుల ఇళ్ళలో భోజనానికి కూర్చోనన్నది. పెళ్ళిళ్ళలో బగారా ఖానా మాత్రం పెట్టించుకుని, ఏ గిన్నె తన వైపు వస్తుందోనని బెదురుతూ తినేది. అంతకుముందు ఇష్టంగా తిన్న షోర్బాలు కూడా మానేసింది.

ఒక ఆహారం తిన్న వెంటనే వాంతి అయితే, తప్పు దానిది కాకపోయినా, శరీరం దానిని సంవత్సరాల తరబడి శత్రువుగా గుర్తు పెట్టుకుంటుందని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతున్నారు. విషం నుంచి ప్రాణిని కాపాడడానికి ఏర్పడిన ఏర్పాటు అది. దానికి తర్కంతోనూ పని లేదు, మందలింపుతోనూ పని లేదు. ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. సుమారు రెండేళ్ళు నిండినప్పటి నుంచి ఆరేళ్ళ వరకు పిల్లలు కొత్త ఆహారాన్ని అనుమానించడం సహజం. నడక వచ్చి, కనబడినదెల్లా నోట పెట్టుకోగల వయసులో ఆ అనుమానం వారికి రక్షణ. బలవంతం లేకుండా కొద్దికొద్దిగా, ఎనిమిది పది పర్యాయాలో, అంతకు మించియో, అదే పదార్థం కంటి ముందుకు వస్తూ ఉంటే చాలామంది పిల్లలు దానిని స్వీకరిస్తారు. మన తల్లులు రెండవసారికే, "వీడు తినడు" అని తీర్పు రాసేస్తారు. మూడవసారికి చేయి చేసుకుంటారు.

చేదు విషయం మరీ విచిత్రం. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహచరునికి అది భరించరాని చేదు; ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఈ తేడా వంశపారంపర్యమని తర్వాత తేలింది. అంటే ఒకే దస్తర్‌ఖాన్ మీద, ఒకే గిన్నెలో నుంచి తింటున్న అన్నదమ్ములిద్దరికీ అందులోని చేదు ఒకే పాళ్ళలో తెలియకపోవచ్చు. కాకరకాయ ముందు ఏడ్చే పిల్లవాడు నాటకమాడుతున్నాడని చెప్పే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

ఫూఫా అన్న నాషుక్రీ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆహారానికి పేరు పెట్టడం వేరు, తినలేకపోవడం వేరు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఏనాడూ భోజనాన్ని తప్పుపట్టలేదనీ, ఇష్టమైతే తినేవారనీ, కాకపోతే వదిలేసేవారనీ హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఈ హదీసు మొదటి సగం మన ఇళ్ళలో పిల్లలకు వినబడినంతగా రెండవ సగం వినబడదు. ఒకసారి ఆయన ముందుకు కాల్చిన ఉడుము వంటి ఎడారి జంతువు మాంసం వచ్చింది. అదేమిటో తెలిపిన మీదట ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, కాదన్నారు. తమ జాతి ప్రజల నేలలో ఇది లేదు కనుక తమకు రుచించడం లేదన్నారు. ఖాలిద్ (రజి) దానిని తన వైపు లాక్కుని, ఆయన చూస్తుండగానే తిన్నారు. తినని వారు తినేవారిని అసహ్యించుకోలేదు, తినేవారు తినని వారిని నిందించలేదు. మదీనాలో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) పంపిన భోజనంలో వెల్లుల్లి ఉన్నందున దానిని ముట్టని ఉదంతం కూడా ఇటువంటిదే. అక్కడా అడిగిన ప్రశ్న ఇదే, వచ్చిన జవాబూ ఇదే: హరామ్ కాదు, వాసన నచ్చలేదు.

పెద్దల అయిష్టాల గురించి ఎవరూ పంచాయితీ పెట్టరు, అది గమనించారా? మా ఫూఫా జన్మలో బెండకాయ ముట్టలేదు. ఆ ఇంట్లో బెండకాయ రాకపోవడాన్ని ఎవరూ నాషుక్రీ అనలేదు, "ఆయనకు పడదు" అన్నారు. సంపాదించే వారి అయిష్టానికి పడదని పేరు, చిన్నవారి అయిష్టానికి మొండితనమని పేరు. ఇక కోడళ్ళ అయిష్టానికైతే అసలు పేరే లేదు. ఇంట్లో వండినదే వారి ఇష్టం. హైదరాబాదు కోడలిగా వచ్చిన నెల్లూరు పిల్లలకు చేపల పులుసు మీదికి మనసు పోతే ఎన్ని ఇళ్ళలో వండించుకునే స్వేచ్ఛ ఉంటుందో పాఠకురాళ్ళకే తెలియాలి.

ఫూఫీ చేసిన పని చెబుతాను. ఆమె ఎవరికీ ఉపదేశం చేయలేదు. మరుసటి ఏడాది మేము వెళ్ళినప్పుడు పాయా వండింది, కాని పిల్లకు గిన్నె పెట్టలేదు. రాత్రి పొయ్యి దగ్గర తనతో కూర్చోబెట్టుకుని, పోట్లీలోకి ఏలకులు, లవంగాలు లెక్కపెట్టి వేయించింది. గుడ్డ ముడి కూడా దానిచేతనే కట్టించింది. ఉదయం పిల్ల దూరంగా కూర్చుని చూసింది. మూడవ ఏడాది షోర్బాలో కుల్చా అంచు ముంచి నాకింది. ఈనాటికీ కాలు ముక్క తినదు. ఎవరూ తినమనరు కూడా.

ఆ ఇంటి దాల్చా గురించి కూడా చెప్పాలి. పప్పు, మాంసం, సొరకాయ ముక్కలు, చింతపులుసు కలిసిన ఈ కూర బగారా ఖానాకు జంట. పిల్లలు మాంసం ఏరుకుని సొరకాయను అంచుకు నెట్టేస్తారు. అదే సొరకాయను తురిమి, పాలలో సగ్గుబియ్యంతో ఉడికించి చక్కెర వేస్తే కద్దూ కీ ఖీర్. దాని కోసం గిన్నెలు గీకుతారు. సొరకాయ రుచి మీద పిల్లలకున్న అభిప్రాయం ఎంత స్థిరమో దీనితో తెలుస్తుంది. ఒక దర్జీ ఇంటి విందులో దైవప్రవక్త (స) పళ్ళెంలోని సొరకాయ ముక్కలను వెదికి వెదికి తినడం హజ్రత్ అనస్ (రజి) చూశారు. ఆనాటి నుంచి తనకు సొరకాయ ప్రియమయిందని ఆయన చెప్పుకున్నారు. ఆయన బాల్యం నుంచే ఆ ఇంట సేవలో ఉన్నవారు. ఎవరూ ఆయనను తినమనలేదు. ప్రేమించిన వారు ఇష్టంగా తినడం చూశారు, అంతే. మన ఇళ్ళలో తండ్రి ఫోను చూస్తూ, తల్లి నిలబడి వడ్డిస్తూ, పిల్లవాడు ఒంటరిగా తింటున్నాడు. వాడు ఎవరిని చూసి నేర్చుకోవాలి?

చార్మినారుకు దక్షిణంగా, చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్ వస్తుంది. నిజాము సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల బారకాసులే ఆ పేరుకు మూలం. వారి సంతతి ఇంకా అక్కడే ఉంది. రంజాన్‌లో హైదరాబాదు హలీమ్‌కు లోకమంతా పేరుంది, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని పూర్వీకురాలయిన హరీస్ బార్కస్‌లో నేటికీ మసాలాల ఆర్భాటం లేకుండా, గోధుమ, మాంసం, నెయ్యితో ఉడుకుతుంది. అందులో రెండు రకాలు: ఉప్పుది, తీపిది. పోయిన చలికాలంలో మా బృందం అక్కడికి వెళ్ళింది. హలీమ్‌ను జిగురని, కారమని వదిలేసే మా ఇంటి చిన్నవాళ్ళు తీపి హరీస్‌ను రెండు గిన్నెలు ఖాళీ చేశారు. ఫూఫా మాత్రం మాంసంలో చక్కెర చూసి గిన్నె నెమ్మదిగా పక్కకు జరిపారు.

"తినండి నానాజాన్, బాగుంది," అని మా ఆపా కూతురు ఆయనకు చంచా అందించింది. ఆయన తల అడ్డంగా ఊపారు. పిల్ల ఇంకొకసారి అడగలేదు. ఆ గిన్నె తన వైపు జరుపుకుని, ఆయనకు ఒక చాయ్ చెప్పింది.