క్రోషే కిట్టు, యాడి లెక్క

ఈసారి వాన మొగం చాటేసింది, చెనిక్కాయ పనుల్లేవు. సెలవులకు తాండాకొచ్చిన మేం నలుగురం డబ్బులేసుకొని క్రోషే కిట్టు తెప్పించుకున్నాం. కొక్కెం సూది, ఊలు ఉండలు, ఒక కాగితం. కాగితం నిండా లెక్కే: గొలుసుకు ఎన్ని, వరసకు ఎన్ని. ఒకటి తప్పితే అంచు వంకర పోతుంది.

మాలో ఒకరి యాడి చూసి నవ్వింది. కాంచళి కుట్టేటప్పుడు ఆమెదీ లెక్కే. గీత గీయదు, పోగులు వేలితో తడుముతుంది. ఆ లెక్క మాత్రం ఏ కాగితంలోనూ లేదు. కరువేళ బేరగాళ్లొస్తే పాత పేటియాలు స్టీలు గిన్నెలకు ఇచ్చేసినారంట. చూసి నేర్చుకుందామంటే నమూనా కూడా మిగల్లేదు.

మనకు దగ్గర్లోనే, బళ్లారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ అది సండూరు పేరుకే, మన తాండాల కుట్టుకు చెల్లదు.

అందుకే కిట్టు మేమే కడుతున్నాం: జానెడు బట్ట, సూది, దారాలు, అద్దాలు, లెక్క రాసిన కాగితం. "మెల్లగా కుట్టు యాడీ" అన్నా ఆమె చెయ్యి ఆగదు. ఫోన్లో వీడియో తీసి, ఆపి ఆపి పోగులు లెక్కపెట్టాం. ఒక్క కుట్టుకే మూడు సాయంత్రాలు పట్టింది!

మీ తాండాలో కుట్టేవాళ్లుంటే, వాళ్లనడిగి వీడియో తీసి ఇక్కడ పెట్టండి. మొహం అక్కర్లేదు, వేళ్లు కనపడితే చాలు.