నొప్పి గోరంత, భయం కొండంత

నిరుడు కార్తీకమాసంలో ఒకనాటి ఉదయం నీళ్ల బకెట్టు ఎత్తబోతే నా నడుము కలుక్కుమంది. బకెట్టు అక్కడే ఉండిపోయింది, నేనూ అక్కడే ఉండిపోయాను. గోడ పట్టుకుని మంచం చేరడానికి పావుగంట పట్టింది. మీలో చాలామందికి ఇది అనుభవమే కాబట్టి వర్ణించనక్కర్లేదు.

నేను ముప్పయ్యేళ్లుగా వైద్యం చేస్తున్నవాణ్ణి. ఇలాంటి నడుములు వందలు చూశాను. చాలామటుకు కొద్ది వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయని తెలిసినవాణ్ణి. అయినా ఆ రాత్రి దుప్పటి కింద నా ఆలోచనలు వినండి. డిస్కు జారింది. రేపు కాలు లాగుతుంది. ఎల్లుండి ఆపరేషనంటారు. అది వికటిస్తే? క్లినిక్కు మూత. అమ్మాయి పెళ్లికి చేసిన అప్పు ఎవరు తీరుస్తారు? రెండు గంటలయ్యేసరికి నేను చక్రాల కుర్చీలో కూర్చుని మా ఆవిడ చేత అన్నం తినిపించుకుంటున్నాను. ఆవిడ మాత్రం పక్కన హాయిగా నిద్రపోతోంది!

నవ్వుకుంటే నవ్వుకోండి గాని, ఆ ఆలోచన ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా నడుములో పోటు కూడా ఒక్కో మెట్టు ఎక్కిన మాట నిజం.

నొప్పి అంటే దెబ్బ తగిలిన చోటినుంచి మెదడుకు ఉన్నదున్నట్టుగా చేరే టెలిగ్రాం కాదు. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో ‘గేటు’ లాంటి ఏర్పాటు ఒకటి ఉంటుందని ప్రతిపాదించారు. తర్వాత వివరాలు మారినా మూలసూత్రం నిలిచింది. కిందినుంచి వచ్చే కబురును మెదడు తగ్గించనూ గలదు, పెంచనూ గలదు. ప్రమాదం అనుకుంటే పెంచుతుంది. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక భవన కార్మికుడి సంగతి వచ్చింది. పెద్ద మేకు అతని బూటును చీల్చుకుని పైకి వచ్చింది. కాస్త కదిపినా విలవిల్లాడాడు. మత్తుమందిచ్చి బూటు తీసి చూస్తే, మేకు రెండు వేళ్ల సందులోంచి పోయింది. పాదానికి గీత కూడా పడలేదు! అతను నటించలేదు. ఆ బాధ బాధే.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఒక టీచరమ్మగారు నడుము నొప్పితో నా దగ్గరకు పదేపదే వచ్చేవారు. పరీక్షలన్నీ సవ్యంగానే ఉన్నాయి. “ఏమీ లేదమ్మా, అంతా మీ బెంగే” అని పంపేశాను. ఆవిడ మళ్లీ రాలేదు. నయమైందనుకున్నాను. నేను మంచం పట్టాక గాని, ఆ మాట విని ఆవిడ ముఖం ఎలా మాడిపోయిందో గుర్తుకు రాలేదు.

అదే 1995లో మైకేల్ సలివన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 13 వాక్యాల పట్టిక ఒకటి తయారుచేశారు. నొప్పి గురించే అదేపనిగా తలపోయడం, ఇంకేదో ఘోరం జరుగుతుందనుకోవడం, నా చేతిలో ఏమీ లేదని చేతులెత్తేయడం, ఈ మూడింటినీ అది కొలుస్తుంది. మొత్తం 52 మార్కులు. నాకు 34 వచ్చాయి. చదువుకునే రోజుల్లో ఇన్ని మార్కులు ఎప్పుడూ రాలేదు.

అలాగని ప్రతి నొప్పికీ ఇదే మందనకండి. నడుము నొప్పితోపాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలవిసర్జన అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలహీనపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కింద పడ్డ తర్వాత వచ్చినా, ఇదివరకు కాన్సరు ఉన్నా డాక్టరుకు చూపించాల్సిందే.

అవేవీ లేకపోతే మంచానికి అంటుకుపోవద్దు. ఒకప్పుడు మేమే “చెక్క మీద కదలకుండా పడుకోండి” అని రాసిచ్చేవాళ్లం. అది పొరపాటని తర్వాత తేలింది. భయంతో కదలకపోతే కండరాలు బిగుస్తాయి, నీరసిస్తాయి, కదిలినప్పుడు మరింత నొప్పెడతాయి. ఊరికే స్కానింగుకు పరుగెత్తకండి కూడా. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి స్కానింగు తీస్తే, సగం మందికి పైగా ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బే ఉంది. ఆ రిపోర్టు చేతికొస్తే వాళ్లూ మంచమెక్కేవాళ్లేమో!

మా ఇంట్లో వైద్యం మా ఆవిడే మొదలుపెట్టింది. మూడు రోజులు “ఎలా ఉందండీ?” అని గంటగంటకూ అడిగింది. నాలుగో రోజున విసుగెత్తి, “ఏవండీ, ఇవాళ ఎంత దూరం నడిచారు?” అంది. ఆ రోజు వీధి గుమ్మం దాకా. మర్నాడు పాలబూత్ దాకా. నొప్పి ఉంది, అయినా నడిచాను. రాత్రిళ్లు భయం పుట్టినప్పుడు దాన్ని కాగితం మీద రాసి, పక్కన ఆ రోజు నిజంగా జరిగింది రాసేవాణ్ణి. ‘కాలు పడిపోతుంది’ అన్నదాని పక్కన ‘పాలు తెచ్చాను’ అని ఉండేది.

ఆరో వారానికి మనవరాల్ని ఎత్తుకున్నాను. టీచరమ్మగారి ఇల్లు కనుక్కుని ఒక సాయంత్రం వెళ్లి వచ్చాను. ఆవిడ కాఫీ ఇచ్చారు గాని, నొప్పి ఊసు ఎత్తలేదు. నేనే ఎత్తాను.

బకెట్టు మాత్రం ఇప్పటికీ సగమే నింపుతున్నాను. అదీ భయమే అంటుంది మా ఆవిడ. అయితే అయి ఉండవచ్చు.