కాళ్ళ కింద పడిన కరపత్రం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు బయట, బురదలో వంగి ఒక్కొక్క కాగితాన్నీ ఏరుకుంటున్న మా అబ్బా రూపం నేటికీ నా కళ్ళముందు కదలాడుతూనే ఉంటుంది. ఆయన ఏరుతున్నవి నేను రూపొందించిన కరపత్రాలే.

మాది ఏలూరులోని తంగెళ్ళమూడి. తరతరాలుగా మా వాళ్ళ వృత్తి ఊలు తివాచీల నేత. పర్షియా నుంచి వచ్చిన పనివారు ఈ విద్యను ఇక్కడ నాటారని పెద్దలు చెబుతారు. ఆంగ్లేయుల కాలపు గెజిటీర్లలో ‘ఎల్లోర్’ తివాచీల ప్రస్తావన ఉంది. అంత పేరున్న వృత్తి కూడా, యంత్రాల మీద నేసిన చౌక సరుకు బజారును ముంచెత్తాక చిక్కిపోయింది. మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే మూగబోయాయి. అబ్బాకు మిగిలింది ఒక్క నిలువు మగ్గం, ముందుగదిలో చుట్టి పెట్టిన కొన్ని చిన్న తివాచీలు, జానమాజ్‌లు.

అది షాబాన్ నెల. రమజాన్‌కు ముందు నాలుగు జానమాజ్‌లు అమ్ముడుపోతే ఊలు బాకీ తీరుతుంది. అప్పుడే కంప్యూటర్ కోర్సు ముగించిన నేను, “అబ్బా! కరపత్రం వేద్దాం. పని నాకు వదిలేయండి” అన్నాను.

నాకు తెలిసినదంతా ఆ చిన్న కాగితంలో కుక్కేశాను. పైన ఒక పవిత్ర వాక్యం, దాని కింద కాబా గృహం బొమ్మ, నాలుగు రంగులు, అయిదు రకాల అక్షరాలు, తొమ్మిది తివాచీల ఫోటోలు. అడుగున పెద్దక్షరాలతో “నూటికి నూరుపాళ్ళు ఊలు! ఇంత తక్కువ ధర మరెక్కడా లేదు!” అని రాశాను. ఫోన్ నంబరుకు మిగిలిన చోటు చిటికెన వేలి గోరంత. రెండువేల ప్రతులు అచ్చయ్యాయి. అబ్బాకు చూపించనేలేదు. ఆశ్చర్యపరచాలనుకున్నాను.

కొన్నింటిని దినపత్రికల్లో పెట్టించి, మిగిలినవి మార్కెట్టు దగ్గర పంచడానికి ఒక కుర్రాడిని కుదిర్చాను. ఆ ఉదయం తివాచీల మూటతో అబ్బా, నేను రైలు దిగి అక్కడికి చేరాం. రాత్రి వాన కురిసి వెలిసింది. తీసుకున్నవారు నాలుగడుగులు వేయకముందే కాగితం వదిలేస్తున్నారు. వాటి మీదుగా బస్తాల బండ్లు సాగిపోతున్నాయి. అబ్బా ఒకటి అందుకుని తుడిచి చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. నన్ను ఒక్క మాటా అనలేదు. వంగి ఏరడం మొదలుపెట్టారు. కాసేపటికి నేనూ వంగాను. ఒక ఉల్లిపాయల వ్యాపారి సంగతి అడిగి తెలుసుకుని, తన కూలీలను కూడా సాయానికి పంపాడు.

తిరుగు ప్రయాణంలో అబ్బా అన్నారు: “బేటీ, చేతికిచ్చిన కాగితం ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. ఏ పేరును మనం కళ్ళకద్దుకుంటామో దాన్ని దారిలో పడేసే కాగితం మీద ఎలా వేస్తాం?” కాసేపాగి మరో మాట అన్నారు: “ఊలు నూటికి నూరుపాళ్ళు అన్నావు. మన పడుగూ పేకా నూలువి కదా! ముడి మాత్రమే ఊలుది. అంచు కుచ్చు పట్టుకుని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి లోపలి తడిని కనిపెట్టి, తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అమ్మకందారును నిలదీసిన సంఘటన చిన్నప్పటి నుంచీ విన్నదే. నా కరపత్రం కూడా అలాంటి రాశే అయింది.

మిగిలిన ప్రతులన్నీ ఇంటికి తెచ్చేశాం. అచ్చు ఖర్చు నష్టమే. అయినా అబ్బా మళ్ళీ వేయమన్నారు. ఈసారి కంప్యూటర్ ముందు కాక, మగ్గం పక్కన కూర్చుని ఆలోచించాను. దారిన పోయేవారు కాగితం వైపు చూసేది రెండు మూడు క్షణాలే. ఆ క్షణాల్లో ఒక్క మాట మాత్రమే చెప్పగలం. “ఏలూరులో చేత్తో నేసిన తివాచీ” అన్నదే ఆ మాట. తొమ్మిది ఫోటోలు తీసేసి, ముడి వేస్తున్న అబ్బా చేతుల ఫోటో ఒక్కటి ఉంచాను. అది పగటి వెలుగులో దగ్గర నుంచి తీసింది. ఫోన్‌లో స్పష్టంగా కనబడేది అచ్చులో మసకబారుతుంది కనుక, అంగుళానికి 300 చుక్కల చొప్పున ఉండేలా చూసుకున్నాను. అక్షరాలు ఒకే రకం, రంగులు రెండే. చుట్టూ ధారాళంగా ఖాళీ వదిలాను. ఖాళీ వృథా కాదనీ, కంటికి దారి చూపేది అదేననీ అప్పుడే తెలిసింది.

కింద మూడు వరుసలు: “ముడి ఊలు, పడుగు పేక నూలు. కొలత, ధర ఇవీ. నేత చూడాలంటే ఇంటికి రండి.” చిరునామాతో పాటు కొండగుర్తు, వృద్ధులు సైతం చదవగలిగేంత పెద్ద ఫోన్ నంబరు వేశాను. ముందు ఒక్క ప్రతి తీయించి అమ్మీకి ఇచ్చాను. చేయి చాచి పట్టుకుని అద్దాలు లేకుండా చదివేశారు. అప్పుడే అచ్చుకు సరేనన్నాను. ఈసారి అయిదువందలే. వాటినైనా దారిలో పంచలేదు. గూడెంలో మసీదుల దగ్గర తెలిసినవారి చేతుల్లో, కైకలూరులో ఆటపాక పక్షుల కేంద్రానికి వచ్చేవారు ఆగే కొట్లలో ఉంచాను. ఫోన్ చేసిన ప్రతివారినీ “కాగితం ఎక్కడ చూశారండీ?” అని అడిగి రాసుకున్నాను.

వచ్చిన ఫోన్లు పదకొండు. రమజాన్‌కు ముందు జానమాజ్‌లు అయిదు అమ్ముడుపోయాయి. ఊలు బాకీ తీరింది. కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక చేపల రైతు భార్య వచ్చి, పూజగదిలో కూర్చోవడానికి చిన్న తివాచీ కావాలన్నారు. కుచ్చు పట్టుకుని చూసి, “నూలు అని ముందే రాశారు కదండీ, అందుకే ఇంత దూరం వచ్చాను” అన్నారు. అబ్బా నా వైపు చూసి చిరునవ్వు నవ్వారు.

ఇప్పుడు ఇరుగుపొరుగువారి బిర్యానీ సెంటర్లకూ, టైలరింగ్ షాపులకూ కరపత్రాలు చేసిపెడుతున్నాను. పని చేతికి రాగానే రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది కాళ్ళ కింద పడితే నేను సిగ్గుపడాలా? దీన్ని నమ్మి వచ్చినవారు కుచ్చు తిప్పి చూస్తే నేను తల దించుకోవాలా? రెండింటికీ ‘కాదు’ అన్న జవాబు వచ్చాకే రంగుల సంగతి ఆలోచిస్తాను.