ఔలు పట్టణమున మంచుదారి సైకిలు

ఫిన్లాండు దేశమున, బోత్నియా సింధుశాఖ యొడ్డున, ఔలు అను పట్టణము గలదు. డిసెంబరు నడిమి దినములలో నచట పగలు 4 గంటలైనను నిలువదు. సున్నకు దిగువ 20 డిగ్రీల చలియు నపూర్వము కాదు. అయినను తల్లులు, పిల్లలు, వృద్ధులు సైకిళ్లపైననే తిరుగుచుందురు. సైకిలు దారులపై మంచును యంత్రములతో చదును చేయుదురు. శీతకాలపు సైకిలు ప్రయాణమును గూర్చిన తొలి యంతర్జాతీయ సభ 2013లో నిచటనే జరిగినది.

చలికాలమున నచట నుండవలసి వచ్చి మేమును సైకిలు కొనబోతిమి. అంగడిలో పెక్కు గేర్ల బండ్లు మెరయుచుండెను. కాని గేరు మార్చు సన్నని భాగములలో తడిమంచు చొచ్చి గడ్డకట్టినచో నవి కదలవు. తడి వానిని తుప్పు పట్టించును. ఊరు సమతలము గనుక నొకే గేరు చాలును.

అంతమాత్రమున నే యొంటిగేరు బండియైనను తగునని కాదు. పెడలును వెనుకకు త్రొక్కిన పడు బ్రేకు హబ్బులోపల దాగియుండును. దానికి మంచు సోకదు. కాని గొలుసు ఊడినచో నది పనిచేయదు. కావున ముందు చక్రమునకు చేతిబ్రేకు వేరుగా నుండితీరవలెను. చక్రమునకును మడ్గార్డునకును నడుమ వ్రేలు దూరునంత యెడముండవలెను. ఇరుకైన పందెపు బండిలో మంచు క్రిక్కిరిసి చక్రమును బిగించును. టైర్లకు ఉక్కుమేకులుండవలెను.

సోదరీమణులారా! చలిదేశములకు చదువునకో యుద్యోగమునకో పోవువారు గేర్లపై మిగిలిన సొమ్మును టైర్లపై వెచ్చింపుడు. చీకటిలో నల్లని మంచుపలక కంటికి కానరాదు. దానిపై నొక్కమారు జారినను మణికట్టు విరుగవచ్చును.