కిరాయి అంతా ఆమ్దనీ కాదు

అఖ్బార్ నౌకరీకి భరోసా లేదు. అందుకే అబ్బా వదిలివెళ్లిన పైసలకు నేను కూడబెట్టినవి కలిపి, నిరుడు టోలిచౌకిలో చిన్న ఫ్లాట్ కొని కిరాయికిచ్చాను. నెలకు 12,000. అమ్మీ దవాలకు ఇక అదే ఆసరా.

హిసాబ్ కోసం ఓ కాపీ తీశాను. ఉర్దూ మీడియంలో చదివిన కళ్లు కదా, కుడివైపు నుంచే మొదలవుతాయి. ఆ కుడివైపునే ఖర్చా రాశాను. ఆమ్దనీ ఎడమవైపు.

ఏడాదికి 11 నెలల కిరాయే లెక్కేశాను. మకాన్ ఒక నెలైనా ఖాళీగా ఉండొచ్చు. అంటే 1,32,000. అందులో మెయింటెనెన్స్ 18,000, ఇంటి పన్ను 4,000, మరమ్మతులకు ఒక నెల కిరాయి 12,000. మిగిలేది 98,000. నెలకు 8,000 చిల్లర. అమ్మీకి చెప్పింది ఈ అంకే.

ఏడాది ఇంటి పన్నంతా ఏప్రిల్‌లోనే కడితే జీహెచ్‌ఎంసీ 5 శాతం తగ్గిస్తుంది. ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో, కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలిన కిరాయిలో 30 శాతం మినహాయింపు ఉంది. మరమ్మతు చేయించినా, చేయించకపోయినా.

చలికాలంలో గీజర్ పోయింది. కిరాయిదార్ల ఇంట్లో పసిపాప. ఫోనొచ్చిన రోజే మెకానిక్‌ను పంపాను. 2,200 అయింది. మరమ్మతుల పైసలు పక్కన ఉన్నాయి గనుక అమ్మీ దవాల జోలికి పోలేదు.

రెండు నెలల అడ్వాన్సు 24,000 మాత్రం కాపీలో ఏ వైపూ లేదు. అది ఆమ్దనీ కాదు, అమానత్. వేరే ఖాతాలో పెట్టాను. మకాన్ మాదే, ఆ పైసలు వాళ్లవి.